కార్మిక శాఖ మంత్రి గారికి ఉద్దానం ఫిట్టరు లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మాది కవిటి మండలం. ఉద్దానం కుర్రాళ్ళు రిఫైనరీలకూ యార్డులకూ వెల్డర్లుగా, బరువులెత్తి అమర్చే రిగ్గర్లుగా వెళ్ళడం కొత్త కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి తోటల్ని పడగొట్టాక ఇంకా ఎక్కువమంది రైలెక్కారు. పైప్ ఫిట్టరుగా మొదలైన నేను, పద్నాలుగు మందిని వెంటబెట్టుకెళ్ళే మేస్త్రినయ్యాను.

చమురు కంపెనీ పనిని ఒక పెద్ద కంపెనీకిస్తుంది. అది పైపింగు ఒకరికిస్తుంది, ఆయన మనుషుల్ని తెచ్చే ఇంకొకరికి, ఆయన నాకు. వెల్డింగు లెక్క ఇంచి డయా మీద, అంటే అతికిన పైపు ఎన్ని ఇంచీల వెడల్పో దాని మీద. ఎక్స్‌రేలో జాయింటు ఫెయిలైతే మళ్ళీ కట్టేదీ మేమే, ఖర్చు కోసేదీ మా బిల్లులోనే. పై బిల్లు పాసైతేనే కింద బిల్లు. నా చేతిలో వర్క్ ఆర్డరు లేదు, వాట్సాప్‌లో రేటు తప్ప.

సముద్రంలో చమురు ప్లాట్‌ఫాంను మోసే ఉక్కు కాళ్ళ చట్రాన్ని జాకెట్టు అంటారు. దాన్ని యార్డులో కట్టి, బార్జి అనే బల్లపరుపు పడవ మీదికి ఎక్కిస్తారు. అలా ఎక్కించడాన్ని లోడ్ అవుట్ అంటారు. ఆ వారమంతా అర్ధరాత్రి కూడా ఫోన్ చేసి పిలిచారు. బార్జి కదిలిన మర్నాడు గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగింది. మా గ్రైండర్లు లోపలే. మేము పనిచేసిన గంటలు రాసిన రెండు నెలల టైమ్ షీట్లూ లోపలే. వాటి మీద సంతకం పెట్టాల్సిన ఇంజనీరు అప్పటికే వేరే సైటుకెళ్ళిపోయాడు.

ఊరికొచ్చేసరికి మా వాకిట్లో ఒక తల్లి కూర్చుని ఉంది. "మావోడి డబ్బులేటైనాయి బాబూ?" అంది. నా భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి తొమ్మిది మందికి ఇచ్చాను. ఐదుగురికి ఇంకా బాకీ.

కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే అసలు యజమానే ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలోనే ఉండేది. దాని స్థానంలో వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంది. కానీ ఆ నిబంధనలు వర్తించే పరిమితిని 20 మంది నుంచి 50కి పెంచారు. నా ముఠా ఎప్పుడూ లెక్కకు బయటే, ఇప్పుడు నలభై మందిని తీసుకెళ్ళే మేస్త్రి కూడా బయటే. నేనడిగిన ఆఫీసులో "చమురు పని కేంద్రం పరిధి, మాది కాదు" అన్నారు. యార్డున్న ఊరికి పోయి తిరగాలంటే రైలు ఛార్జీ, బస, పోయే కూలి ఎవరిస్తారు?

2021 మేలో తౌక్తే తుపానుకు అరేబియా సముద్రంలోని బొంబాయి హై చమురు క్షేత్రం దగ్గర, కార్మికులున్న పి-305 బార్జి మునిగింది. అందులో ఉన్నది 261 మంది, బతికి బయటపడ్డది 186 మంది. ఆ రెండు రోజులు మా వీధిలో, తమ వాడు ఏ బార్జి మీద ఉన్నాడో తెలియక, ఫోన్లు పట్టుకుని అరుగుల మీద కూర్చున్నారు. చెప్పడానికి మేస్త్రి తప్ప ఎవరూ లేరు. నాకే సగం తెలియదు.

అయ్యా, శ్రీకాకుళం కార్మిక శాఖ ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టించండి. రైలెక్కే ముందే మనిషి పేరు, మేస్త్రి, సైటు, పై కాంట్రాక్టర్లు, అసలు యజమాని అందులో ఉండాలి. ఫిర్యాదు ఇక్కడే తీసుకోవాలి. కేంద్రం పరిధిదైతే విశాఖలోని కేంద్ర కార్మిక అధికారులకూ, వేరే రాష్ట్రానిదైతే అక్కడి శాఖకూ మీరే పంపాలి. టైమ్ షీట్ల మీద సంతకాలు కాకుండా లోడ్ అవుట్ చేయకూడదని కేంద్రంతో మాట్లాడండి.

రోజువారీ ఇంచి డయా లెక్క రాసుకున్న జేబు పుస్తకం నా దగ్గరుంది, చెమటకు కొన్ని పేజీలు అలికిపోయాయి. ఏ రోజు రమ్మన్నా తెస్తాను. బాకీ ఉన్న ఐదుగురిలో ఇద్దరు వచ్చే వారం సోంపేటలో మళ్ళీ రైలెక్కుతున్నారు. వేరే మేస్త్రితో, వాట్సాప్ రేటుకే.

ఇట్లు,
ఒక పైప్ ఫిట్టరు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా