వంటల పేజీలో కొలతలు గ్రాముల్లో ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

జగిత్యాల మామిడి విరివిగా దొరికే ఎండాకాలంలో, పదిమందికి పంచుకోదగిన పండ్ల బార్ల (కాల్చిన మైదా అడుగు పొరపై పండ్ల గుజ్జు పరచి, ముక్కలుగా కోసే తీపి వంటకం) తయారీని ప్రచురించేటప్పుడు కొలతలను కప్పుల్లో కాక గ్రాముల్లో ముద్రించాలని కోరుతున్నాను. వదులుగా నింపిన కప్పులో మైదా సుమారు 120 గ్రాములుంటే, అదిమి నింపిన అదే కప్పులో 150 గ్రాముల దాకా పడుతుంది. అడుగు పొర కొరకలేనంత గట్టిపడటానికి చాలాసార్లు ఈ తేడాయే కారణం. పళ్లెం కొలత కూడా చెప్పాలి. 20 సెంటీమీటర్ల చతురస్రపు పళ్లెంలో నిలువుగా, అడ్డంగా నాలుగేసి వరుసలు కోస్తే 16 ముక్కలు వస్తాయని తెలిస్తే, కాలనీ మహిళల సమావేశానికి ఎన్ని వాయిలు కాల్చాలో ముందే లెక్క వేసుకోవచ్చు. మామిడి గుజ్జులో నీరు ఎక్కువ గనుక, దాన్ని చక్కెర, నిమ్మరసంతో దగ్గరపడేదాకా ఉడికించి, 180 డిగ్రీల వేడిలో లేత బంగారు రంగు వచ్చేలా ముందే కాల్చిన అడుగు పొరపై పరచాలి. లేకుంటే ముక్క చెమ్మగిల్లి చేతిలోనే విరిగిపోతుంది. పూర్తిగా చల్లారాకే కోయాలన్న సూచనను చివరి వాక్యంలో దాచవద్దు (పిల్లలున్న ఇంట్లో ఆ ఓపిక ఎవరికుంటుందన్నది వేరే సంగతి). గుడ్డు ముట్టనివారు, జీడిపప్పు పడనివారు ఏ బృందంలోనైనా ఉండవచ్చు కాబట్టి, అవి వాడితే ఆ విషయాన్ని శీర్షిక కిందనే పేర్కొనగలరు.

– ఒక పాఠకురాలు, హనుమకొండ