మా వీధి చివరి బీరు కార్ఖానా

ప్రియమైన మూర్తీ,

నీ ఉత్తరం చేరింది. “బీరు ఎక్కడ తాగినా అదే చేదు కదా, దాని కోసం పనిగట్టుకుని ఒక చోటికి వెళ్ళడం దేనికి?” అని నువ్వు వేసిన ప్రశ్నకు ఒక్క వాక్యంలో బదులిచ్చి ఊరుకోవచ్చు గానీ, నీకు రాసే ఉత్తరాలు అంత పొట్టిగా ముగియవని నీకూ తెలుసు. మా వీధి చివర ఒక చిన్న బ్రూవరీ తెరిచారని, కాచిన చోటే బీరు పోసిచ్చే ట్యాప్‌రూమ్ కూడా అందులోనే ఉందని కిందటి ఉత్తరంలో రాశాను. అక్కడికి వెళ్ళిరావడం ఇప్పుడు నాకు అలవాటైపోయింది. బారు అనగానే నువ్వు ఊహించుకునే మసక వెలుతురు అక్కడ కనిపించదు. ఒకప్పుడు గోదాముగా ఉన్న పెద్ద షెడ్డు అది. ఎత్తయిన రేకుల కప్పు, సిమెంటు నేల, ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా పక్కపక్కనే కూర్చోవలసి వచ్చేంత పొడవైన చెక్క బల్లలు, వెనక గోడ పొడవునా మనిషికి రెండింతల ఎత్తున్న స్టీలు ట్యాంకులు. బల్ల దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. మనమే కౌంటరు దాకా వెళ్ళి గ్లాసు తెచ్చుకోవాలి. వంటగది లేదు. గోడలు బోడిగా ఉండడం వల్ల జనం పెరిగిన కొద్దీ మాటలు మార్మోగి, ఎదుటి మనిషి చెప్పేది వినడానికి ముందుకు వంగవలసి వస్తుంది. ఆ షెడ్డుకు నేను పెట్టే పెద్ద వంక అదే.

నీ ప్రశ్నకు అసలు జవాబు కౌంటరు వెనక ఉన్న నల్లబల్ల మీద దొరుకుతుంది. ఆ రోజు కొళాయిల్లో ఉన్న బీర్ల పేర్లు, ఒక్కొక్క పేరు పక్కన రెండేసి అంకెలు సుద్దతో రాసి ఉంటాయి. మొదటిది ఆల్కహాలు శాతం, రెండోది ఐబీయూ అనే చేదు కొలత. ఏది కావాలో తేల్చుకోలేనివాళ్ళకు ఒక చెక్క పలకలో నాలుగు చిన్న గ్లాసులు అమర్చి ఇస్తారు. తేలికపాటి దానితో మొదలుపెట్టి గాఢమైన దానితో ముగించాలి. బాగా చేదున్నది ముందే తాగితే తరవాతి వాటి రుచి నాలుకకు అందదు. ఆ నాలుగింటినీ వరసగా తాగి చూస్తే, మనం చిన్నప్పటి నుంచీ నమ్మిన సంగతులు కొన్ని అక్కడికక్కడే తారుమారవుతాయి. నల్లగా ఉన్న బీరు బాగా కిక్కిస్తుందని నువ్వు వాదించేవాడివి గుర్తుందా? ఆ నలుపు, మాడేదాకా వేయించిన బార్లీ గింజల వల్ల వచ్చిన రంగు. గిన్నిస్ డ్రాఫ్ట్ అనే పేరుమోసిన నల్ల బీరులో ఆల్కహాలు 4.2 శాతం దగ్గరే ఉంటుంది. బంగారు రంగులో అమాయకంగా కనిపించే డబుల్ ఐపీఏలో (ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, హాప్ పూలు దండిగా వేసి కాచే చేదు బీరు; డబుల్ అంటే దానికన్నా గాఢమైనది) అది 8 శాతానికి చేరడం మామూలే.

అక్కడ బీరు కాచే ఆవిడ మాటకారి. కౌంటరు దగ్గర రద్దీ లేనప్పుడు ఏది అడిగినా ట్యాంకు దగ్గరికి తీసుకువెళ్ళి మరీ చూపిస్తారు. ఒక రోజు నేను వెళ్ళేసరికి మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, అంటే మాల్టును, బరకగా మరపట్టి వేడినీళ్ళలో కలుపుతున్నారు. ఉష్ణోగ్రత చూపే తెర మీద 65 డిగ్రీలు కనిపించింది. మరో మూడు నాలుగు డిగ్రీలు పెరిగితే ఏమవుతుందని అడిగాను. గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు ఆ వేడిని బట్టి పనిచేస్తాయట. 65 దగ్గర నిలిపితే, తరవాత బీరును పులియబెట్టే ఈస్ట్ సులువుగా తినగలిగే చక్కెర ఎక్కువగా తయారై బీరు పల్చగా, పొడిగా వస్తుంది; 69 దాకా పోనిస్తే ఈస్ట్ వదిలేసే చక్కెరలు మిగిలి నోటికి చిక్కగా, నిండుగా తగులుతుంది. గంట తరవాత ఆ తీపి నీటిని వడకట్టుకుంటే మిగిలేది పిప్పి. దాన్ని పశువుల దాణాకు పంపేస్తారు. వడకట్టిన నీటిని గంటకు పైగా మరగబెడుతూ హాప్ పూలు వేస్తారు. చేదంటావే, అది ఆ పూల నుంచి వచ్చేదే. మరగడం మొదలైనప్పుడే వేసిన పూలు చేదునిస్తాయి, ఆఖర్లో వేసినవి పరిమళాన్నిస్తాయి, చల్లారి పులుస్తున్న బీరులో వేసినవి చేదు పెద్దగా పెంచకుండా వాసనను మాత్రం వదులుతాయి. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు బాగా మరిగితేనే చేదుగా మారతాయి గనుక ఇలా జరుగుతుంది. అందువల్ల ఒకే రకం పూలను ఒకే కొలతలో తీసుకుని, వేసే వేళ మార్చినంత మాత్రాన రెండు వేరు వేరు బీర్లు చేయవచ్చు. ఆవిడ రెండు హాప్ గుళికలను నా అరచేతిలో పెట్టి నలపమన్నారు. ఆకుపచ్చని జిగురు వేళ్ళకు అంటుకుంది. మొదట నారింజ తొక్క వాసన, ఆ వెనక పచ్చిగడ్డి వాసన వచ్చాయి. చేతులు కడుక్కున్న తరవాత కూడా ఆ వాసన చాలాసేపు పోలేదు.

ఈస్ట్ సంగతి ఇంకా వింతగా ఉంటుంది. పలకలో మూడో గ్లాసుగా వచ్చిన గోధుమ బీరులో అరటిపండు వాసన, లవంగం ఘాటు స్పష్టంగా తెలిశాయి. అందులో పండూ లేదు, లవంగమూ లేదు. ఆ జాతి ఈస్ట్ పులియబెడుతూ పులియబెడుతూ తనే ఆ వాసనలను పుట్టిస్తుంది. ట్యాంకు నుంచి ఒక గొట్టం నేలమీది బకెట్టు నీళ్ళలోకి దిగి ఉంటుంది. పులియడం జోరుగా సాగే రోజుల్లో అందులోంచి బుడగలు గుడగుడమంటూ ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఇంత పనీ చేసేది ఒక జీవి అన్న సంగతి వేల ఏళ్ళుగా బీరు కాచినవాళ్ళకు తెలియదు. జర్మనీలోని బవేరియాలో 1516లో చేసిన ప్రసిద్ధ శాసనం బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప మరేదీ వాడకూడదని చెప్పిందే గాని, ఈస్ట్ పేరెత్తలేదు. బీరు పులిసేది ఈస్ట్ అనే జీవి వల్లేనని వివరిస్తూ ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ బీరు మీద తన గ్రంథాన్ని 1876లో ప్రచురించాడు. ఆ తరవాత 1883లో డెన్మార్క్ బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్టును పెంచాడు. ఆ కంపెనీ దాన్ని దాచుకోకుండా ఇతర బ్రూవరీలకు కూడా పంచిపెట్టింది. వ్యాపారస్తుల్లో అటువంటి ఔదార్యం అరుదు కనుక ప్రత్యేకించి రాస్తున్నాను.

ఇక నా సొంత అభిప్రాయం చెప్పనివ్వు. ఆ షెడ్డులో పదిమందిలో ఆరేడుగురి చేతుల్లో మబ్బుగా, పండ్లరసంలా కనిపించే హేజీ ఐపీఏ ఉంటుంది. బాగుంటుంది, కాదనను. అయినా బీరు కాచేవారి పనితనం తెలుసుకోవాలంటే నల్లబల్ల మీద అన్నిటికన్నా సాదాగా కనిపించే పిల్స్నర్ అడగాలి. అంత హాప్ వాసన, అంత తీపి ఉన్న బీరులో చిన్న లోపం ఉన్నా మరుగున పడిపోతుంది. పిల్స్నర్‌లో దాక్కోవడానికి చోటే లేదు. వెన్న వాసన కొద్దిగా మిగిలినా, గొట్టం సరిగా కడగకపోయినా మొదటి గుక్కలోనే పట్టుబడుతుంది. పైగా అది ఓపికతో కూడిన పని. ఐపీఏ వంటి ఏల్ రకాలు 20 డిగ్రీల దగ్గర వారం రోజుల్లోనే పులిసిపోతాయి. పిల్స్నర్ వంటి లాగర్ రకాలు 10 డిగ్రీల చలిలో నెమ్మదిగా పులిసి, ఆ తరవాత సున్నాకు దగ్గరి చలిలో వారాల తరబడి నిలవ ఉండాలి. చిన్న బ్రూవరీకి ఒక ట్యాంకు అన్నాళ్ళు కదలకుండా ఉండిపోవడమంటే నష్టమే. అందుకే చాలామంది దాని జోలికి పోరు. ఈ రకానికి పుట్టిల్లయిన, నేటి చెక్ దేశంలోని పిల్జెన్ పట్టణంలో 1838లో జనం పాడైన బీరును పీపాలకు పీపాలు బహిరంగంగా పారబోశారని, ఆ కోపంలోంచే కొత్త బ్రూవరీ పుట్టిందని చెబుతారు. యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ అక్కడ 1842లో బంగారు రంగు లాగర్‌ను తొలిసారి కాచాడు. ఆ ఊరి నీళ్ళు చాలా మెత్తనివి, అంటే లవణాలు తక్కువగా ఉన్నవి, కావడం అతనికి కలిసివచ్చింది. మా వీధి చివరి పిల్స్నర్‌కు నేను నూటికి ఎనభై మార్కులు వేస్తాను. ముగింపులో చేదు కాస్త మొండిగా నిలబడుతుంది. ఆ మాట ఆవిడతోనే అన్నాను. “నాకూ అలాగే అనిపించింది, వచ్చే విడతలో హాప్స్ తగ్గిస్తున్నాను” అన్నారు. సీసా మీది చీటీతో ఈ సంభాషణ సాధ్యమా, చెప్పు.

సీసా అంటే గుర్తొచ్చింది. హాప్స్ పరిమళానికి ఆయుష్షు తక్కువ; గాలి, వేడి, వెలుతురు మూడూ దానికి శత్రువులే. ఎండ తగిలితే హాప్స్‌లోని పదార్థాలు విరిగి దుర్వాసన పుడుతుంది. గోధుమ రంగు సీసాలు దాన్ని చాలావరకు ఆపుతాయి, పచ్చ సీసాలు అంతగా ఆపలేవు. ట్యాప్‌రూమ్‌లో బీరు చేసే ప్రయాణం చల్లని ట్యాంకు నుంచి కొళాయి దాకా, కొన్ని అడుగులు. పోసే తీరులోనూ శ్రద్ధ కనిపిస్తుంది. గ్లాసును బోర్లించి ఒక చిన్న చట్రం మీద నొక్కితే కింది నుంచి నీళ్ళు చిమ్మి లోపలంతా కడిగేస్తాయి. తరవాత గ్లాసును వాల్చి పోస్తూ, చివర్లో నిలబెట్టి రెండు వేళ్ళ మందాన నురగ తెప్పిస్తారు. నువ్వు నురగ వద్దంటావని తెలుసు, కానీ వాసన ముక్కుకు చేరేది ఆ బుడగలు పగలడం వల్లే. గ్లాసు గోడలకు లోపల బుడగలు అతుక్కుని కనిపిస్తే అది సరిగా కడగని గ్లాసని అర్థం, తిప్పి పంపేయవచ్చు.

ఇటువంటి చిన్న బ్రూవరీలు మళ్ళీ పుట్టడం పెద్ద పాత కథేమీ కాదు. అమెరికాలో జాక్ మెకాలిఫ్ 1976లో కాలిఫోర్నియాలోని సోనోమాలో పెట్టిన న్యూ ఆల్బియన్ బ్రూవరీ 1982కే మూతపడింది గాని, ఆ దారి మూసుకుపోలేదు. కెన్ గ్రాస్‌మన్ వంటివారు పాత డెయిరీ సామాను కొనుక్కొచ్చి 1980లో సియెరా నెవాడా బ్రూవరీని నడిపించారు. మా ఆవిడ ట్యాంకులు మాత్రం సరికొత్తవే. అవి అప్పు చేసి కొన్నవని తనే చెప్పారు. (మా ఆవిడ అంటే ఆ బ్రూవర్, నా భార్య అనుకునేవు!)

నువ్వు తాగకపోయినా ఫరవాలేదు. పుస్తకం పట్టుకుని సోడాతో సాయంత్రమంతా గడిపేవాళ్ళు అక్కడ ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు, వాళ్ళను ఎవరూ వింతగా చూడరు. తాగదలిస్తే మాత్రం కారు తీసుకురావద్దు. చిన్న గ్లాసులే కదా అనుకుంటాం గాని, నాలుగూ కలిపితే ఒక పెద్ద గ్లాసుకు పైనే అవుతుంది. మొదట పిల్స్నర్, తరవాత గోధుమ బీరు, ఆపైన స్టౌట్ అనే నల్ల బీరు తీసుకో. ఐపీఏ నీ ఇష్టం. వచ్చే ముందు ఒక ముక్క రాయి. వాళ్ళు బీరు కాచే రోజేదో కనుక్కుని, ఆ రోజుకే నిన్ను తీసుకువెళ్తాను.

నీ
రఘు