పద్ధతిని నిర్ణయించవలసింది ప్రాజెక్టే

సంపాదకుల వారికి,

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల ఉద్యోగ ప్రకటనలు, అమీర్‌పేట శిక్షణ కేంద్రాల కరపత్రాలు చూస్తే, సాఫ్ట్‌వేర్ తయారీకి రెండు వారాల స్ప్రింట్లు (పనిని చిన్న భాగాలుగా ముగించే విడతలు), రోజూ నిలబడి జరిపే పదిహేను నిమిషాల సమావేశాలు తప్ప వేరే మార్గమే లేదనిపిస్తుంది. ఏ ప్రాజెక్టుకు ఏ పద్ధతి నప్పుతుందో తేల్చవలసింది ఆ ప్రాజెక్టు పరిస్థితులేనన్న సంగతి ఈ హడావిడిలో మరుగున పడుతోంది.

2001లో అమెరికాలోని యూటాలో 17 మంది నిపుణులు, పనిని చిన్న విడతలుగా చేస్తూ మార్పులను కలుపుకుపోయే అజైల్ పద్ధతి గురించి వెలువరించిన ప్రకటన, ఒప్పందంపై బేరసారాలకన్నా వినియోగదారుతో కలిసి పనిచేయడానికే ఎక్కువ విలువనిచ్చింది. ప్రభుత్వ టెండర్లలో తరచుగా కనిపించేది ఇందుకు భిన్నం. ధర, గడువు, పనుల జాబితా ముందే ఖరారవుతాయి. ఆ తర్వాత ఒక చిన్న మార్పు కావాలన్నా ఫైలు పై అధికారుల దాకా వెళ్ళి రావాలి. అలాంటి చోట స్ప్రింట్లు నడపడం, అన్నీ ముందే ఖరారు చేసుకుని ఒక దశ తర్వాత మరో దశగా సాగే పాత వాటర్‌ఫాల్ పద్ధతికి కొత్త పేరు పెట్టుకోవడమే. (ఆ పాత పద్ధతి అన్నిచోట్లా చెడ్డదని కాదు, నియమాలన్నీ చట్టంలోనే స్పష్టంగా ఉన్న పనికి అదే మేలు కావచ్చు.)

పరిస్థితి మారినా పాతదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో 1996 జూన్ 4న ఐరోపా రాకెట్ ఏరియాన్-5 చూపింది. ఏరియాన్-4లో చక్కగా పనిచేసిన మార్గనిర్దేశ సాఫ్ట్‌వేర్‌నే అందులోనూ వాడారు. కొత్త రాకెట్ నేలకు సమాంతరంగా సాగే వేగం చాలా ఎక్కువ కావడంతో, దానికి సంబంధించిన 64 బిట్ల సంఖ్యను చిన్నదైన 16 బిట్ల జాగాలోకి మార్చేటప్పుడు అది పట్టక వ్యవస్థ ఆగిపోయింది. సుమారు 40 సెకన్లలో రాకెట్ పేలిపోయింది. పాత రాకెట్‌లో ఆ విలువ అంత పెరిగే వీలు లేదు కనుక ఆ మార్పిడికి రక్షణ పెట్టకపోవడం ఆనాటికి సబబైన నిర్ణయమే.

మన నగరంలో ఒకే భవనంలో ఒక బృందం ఆహారం తెప్పించుకునే యాప్‌ను, మరొక బృందం వైద్య పరికరాన్ని నడిపే ప్రోగ్రామును తయారుచేస్తూ ఉండవచ్చు. మొదటివారు ఉదయం చేసిన తప్పును సాయంత్రానికి దిద్దుకోగలరు. రెండోవారు వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62304 ప్రకారం ప్రమాదాలను ముందే అంచనా వేసి, ప్రతి అవసరానికీ పరీక్షకూ లంకె చూపాలి. అజైల్‌ను ఆ ప్రమాణం నిషేధించదు గాని, పత్రాలు లేని తొందరను ఒప్పుకోదు.

కనుక ఇంజినీరింగ్ కళాశాలలు స్క్రమ్ (స్ప్రింట్లతో నడిచే ఒక అజైల్ విధానం) నిర్వచనం అడగడంతో సరిపెట్టకుండా, ఒక ప్రాజెక్టు వివరాలిచ్చి ఏ పద్ధతి తగునో కారణాలతో రాయమనాలి. టెండర్లు పిలిచే శాఖలు అజైల్ కావాలనుకుంటే, మార్పుల కోసం కొంత సొమ్మునూ, అక్కడికక్కడే నిర్ణయం తీసుకోగల ఒక అధికారినీ ఒప్పందంలోనే కేటాయించాలి.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి,
కూకట్‌పల్లి, హైదరాబాద్