మహిళా సంఘం వార్షిక నివేదిక: నడుముకు కట్టుకున్న మగ్గం

సభ్యులందరికీ నమస్కారం.

కంటి పరీక్షల శిబిరం, కార్తీక వనభోజనాలు, హాలుకు సున్నాలు అనుకున్న ప్రకారమే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది నడుము మగ్గం శిక్షణ గురించి. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు బాగా తృప్తినిచ్చింది అదే.

రోహిణీ కార్తె ఎండలు తగ్గాక, సత్యనారాయణపురంలోని మన హాల్లో ఆదివారం ఆదివారం కూర్చున్నాం. నేర్పింది మన సభ్యురాలే. భర్త ఉద్యోగం వల్ల దిమాపూర్‌లో ఉన్న రోజుల్లో, పక్కింటి నాగా ఆవిడ దగ్గర ఆమె ఈ పని పట్టుకున్నారు. నాగాలాండ్, మణిపూర్, మిజోరం, అరుణాచల్‌లలో ఆడవాళ్లు ఇళ్లలో దీని మీద నేస్తారు. అక్కడి చాఖెసాంగ్ శాలువాకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎక్కడో ఉన్న గ్వాటెమాల, పెరూ దేశాల్లోనూ ఇలాంటి మగ్గమే ఉంది.

దీనికి చట్రం ఉండదు. పడుగు, అంటే నిలువు పోగుల వరస, దాని ఒక కొసను కిటికీ ఊచకు కడతాం. రెండో కొస మన నడుము వెనక వేసుకున్న పట్టీకి ఉంటుంది. వెనక్కి వాలితే పోగులు బిగుస్తాయి, కాస్త ముందుకు వంగితే సడలుతాయి. సడలినప్పుడే దారపు ఉచ్చులు కట్టిన కర్రను పైకెత్తి, తెరుచుకున్న సందులో చెక్క కత్తి దూర్చి నిలబెట్టి, పేక, అంటే అడ్డపోగు, పోనిచ్చి, అదే కత్తితో దగ్గరకు కొట్టాలి. మళ్లీ వెనక్కి వాలాలి. మగ్గంలో సగం మనిషే.

కర్రలకు వెదురు, పై పోగులను ఎత్తి ఉంచడానికి ప్లాస్టిక్ పైపు ముక్కలు, నడుము పట్టీలకు పాత దుప్పట్లు వాడాం. చెక్క కత్తులు వడ్రంగి చేసిచ్చాడు. గరుకు కాగితంతో వాటిని నున్నగా రుద్దడానికే ఒక పూట పట్టింది. ఎక్కడ చిన్న పెచ్చు ఉన్నా పోగు పట్టుకుంటుంది.

మొదటి వారం పడుగు వేసేటప్పుడు పోగులు ఒకదాన్నొకటి దాటే చోట తాడు కట్టకుండానే పడుగును మేకుల నుంచి తీసేశాను. అంతే, మొత్తం చిక్కుపడిపోయింది. అందరికీ టెన్షన్. రెండు గంటలు విప్పి, చివరికి కత్తిరించేశాం. ఆ తప్పు నాది. మూడో వారానికి ఇంకో ఇబ్బంది వచ్చింది. నాలుగు వేళ్ల వెడల్పుతో మొదలైన బట్ట పట్టీలు నేసేకొద్దీ రెండు వేళ్లకు వచ్చేస్తున్నాయి. పేకను గట్టిగా లాగుతున్నామన్నమాట. అసలు వెడల్పుకు కోసిన చీపురుపుల్ల పక్కన పెట్టుకుని, ప్రతి నాలుగైదు వరసలకు కొలిచి చూసుకుంటే అదుపులోకి వచ్చింది.

మనందరం పిన్నిగారూ అని పిలిచే పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. కింద కూర్చోలేరు. పడుగును ఊచకు పైన కట్టి, ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాం. అందరికంటే అంచు సమంగా వచ్చింది ఆమెకే.

మంగళగిరి నుంచి గుంట మగ్గం (నేలలో తీసిన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేది) మీద నేసే దంపతులు ఒక ఆదివారం వచ్చారు. మన మగ్గం వాళ్లకు కొత్త, పని మాత్రం కొత్త కాదు. తెగిన పోగును ఆయన చూస్తుండగానే ముడేసేశారు. ఆవిడ మన కండెలు (పేక నూలు చుట్టిన పుల్లలు) చేతిలోకి తీసుకుని, "ఇంత వదులుగా చుడితే పేక సరిగా రాదమ్మా" అని మళ్లీ చుట్టించారు. పక్కనే పన్నెండు, పదమూడు కిలోమీటర్ల దూరంలో ఇంత పనితనం పెట్టుకుని, మనలో చాలామంది అక్కడి మగ్గం ఎన్నడూ చూడలేదు. ఆ మాట నన్ను బాధపెట్టింది.

1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. దాని గుర్తుగా 2015 నుంచి ఆ రోజును జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజే మనం నేసిన పట్టీలన్నీ హాల్లో తాడు మీద ఆరేశాం. వంకరవి కూడా దాచలేదు.

రెండు ప్రతిపాదనలు మీ ఆమోదానికి పెడుతున్నాను. సంఘం ఇచ్చే ఉగాది చీరలు ఇకమీదట మంగళగిరి నేతగాళ్ల దగ్గరే, చెప్పిన ధరకే కొందాం. వాళ్ల మగ్గాలు చూడటానికి ఒకరోజు అందరం బస్సులో వెళ్దాం. నడుము పట్టీలు, కర్రలు హాలు అల్మారాలో ఉన్నాయి. తాళం నా దగ్గరుంది. నేర్చుకోవాలనుకున్నవాళ్లు ఏ సాయంత్రమైనా వచ్చి తీసుకోవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి