మీరు పంపిన బొమ్మరైలు లేఅవుట్ ప్లాన్‌లో లోపాల గురించి ఫిర్యాదు

కాజీపేట

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: డబ్బు తీసుకుని గీసి ఇచ్చిన హెచ్‌ఓ స్కేల్ (నిజం రైలులో సుమారు 87వ వంతు సైజు) ట్రాక్ ప్లాన్ తప్పుగా ఉండటం, అనవసరంగా రెండో కంట్రోలర్ (పట్టాలకు కరెంటు ఇచ్చే పరికరం) కొనిపించడం గురించి.

అయ్యా,

నేను రైల్వేలో పట్టాల పని చూసే పర్మనెంట్ వే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మనవడి కోసమని చెప్పి, నిజానికి నా సరదా కోసమే, ఇంట్లో బొమ్మరైలు లేఅవుట్ వేద్దామనుకున్నాను. "మీ కొలతలు చెప్పండి, ప్లాన్ మేం గీస్తాం, దానికి సరిపడా పట్టాలు పంపుతాం" అన్నారు మీరు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ అని రాసి పంపాను. ప్లాన్‌కు 2,500 రూపాయలు, పట్టాలు, ఇంజను, పెట్టెలు, కంట్రోలర్ అన్నిటికీ కలిపి మరో 38,000 కట్టాను.

పెట్టె విప్పిన రోజే మొదటి తప్పు బయటపడింది. మీ ప్లాన్‌లో బయటి కర్వ్ వ్యాసార్థం 24 అంగుళాలు. అంటే వ్యాసం 48 అంగుళాలు. నా చెక్క వెడల్పూ సరిగ్గా 48 అంగుళాలే. కాగితం మీద బాగానే పట్టింది. కానీ ఆ కొలత పట్టాల మధ్య గీతకు కదండీ! చెక్క మీద పెడితే అటూ ఇటూ కూడా ఒక పట్టా చెక్క మీద, రెండోది గాల్లో. మా ఇంటావిడ చూసి "ఇది రైలా, సర్కస్సా" అంది. 22 అంగుళాల కర్వ్ వేసి ఉంటే రెండువైపులా రెండేసి అంగుళాలు మిగిలేది. ఫోన్ చేస్తే మీవాళ్లు "పెద్ద చెక్క కొనుక్కోండి సార్" అన్నారు.

సరే, అది సర్దుకోవచ్చు. అసలు గొడవ రెండోది. చెక్కకు పట్టడం లేదని హాల్లో నేల మీద పరిచి చూశాం. చుట్టూ తిరిగే మెయిన్ లైన్‌కు అడ్డంగా, ఒక మూల నుంచి ఇంకో మూలకు మీరొక అడ్డదారి గీశారు. దాన్లో వెళ్తే బండి తిరిగి ఎదురు దిక్కుగా వస్తుందని గొప్పగా రాశారు కూడా. ఆ దారిలో చివరి ముక్క కలపగానే కంట్రోలర్ ట్రిప్ అయింది. పట్టాల మీద ఇంకా బండే పెట్టలేదు! ఆ ఒక్క ముక్క తీసేస్తే మెయిన్ లైన్‌లో బండి హాయిగా తిరుగుతోంది. పెడితే ఆగిపోతోంది.

మీవాళ్లు మొదట పట్టాలు తుడవమన్నారు. తర్వాత మా ఇంట్లో వోల్టేజీ బాగాలేదన్నారు. చివరికి కంట్రోలర్ పాడైందని 4,200 పెట్టి ఇంకోటి కొనిపించారు. అదీ అంతే.

కారణం కనిపెట్టింది ఏడో తరగతి చదివే మా మనవడు. మీరూ చేసి చూడండి. మీ ప్లాన్ మీద ఒక పట్టాను ఎర్ర స్కెచ్ పెన్నుతో, రెండోదాన్ని నీలం పెన్నుతో గీసుకుంటూ వెళ్లండి. అడ్డదారి మళ్లీ మెయిన్ లైన్‌లో కలిసేచోట ఎరుపు వెళ్లి నీలాన్ని ముట్టుకుంటుంది. ఒక పట్టా ప్లస్, ఇంకోటి మైనస్. బండిని వెనక్కి తిప్పే దారి వేస్తే ఆ రెండూ కలిసినట్టే, బండి లేకపోయినా షార్ట్ అయినట్టే. అడ్డదారికి రెండు చివర్లా, రెండు పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు (పట్టా ముక్కల్ని కలిపినా కరెంటు దాటనివ్వనివి) వేసి, ఆ భాగానికి ప్లస్ మైనస్ తిప్పే స్విచ్ విడిగా ఇవ్వాలి. మీ పెట్టెలో అన్నీ ఇనుప జాయినర్లే. స్విచ్ ఊసే లేదు. నిజం లైన్ మీద కూడా ట్రాక్ సర్క్యూట్లు (పట్టాల్లో కరెంటుతో బండి ఉందో లేదో కనిపెట్టే భాగాలు) విడదీయడానికి కరెంటు దాటని గ్లూడ్ జాయింట్లు వేస్తాం, ఇది కొత్త విద్యేమీ కాదు.

ఇప్పుడు అవి పంపినా పూర్తిగా పని జరగదు. విడదీసిన భాగంలో బండి మొత్తం పట్టాలి. మీ రైలు పెట్టెల్లో దీపాలకూ కరెంటు పట్టాల నుంచే వస్తుంది కాబట్టి ఇంజనొక్కటి పడితే చాలదు. మీరు అమ్మిన ఇంజను, మూడు పెట్టెలు కలిపి 42 అంగుళాలు. మీ అడ్డదారి 30 అంగుళాలు.

   

నేను అడిగేది ఇంతే. ప్లాన్ డబ్బు 2,500, రెండో కంట్రోలర్ 4,200 వెనక్కి ఇవ్వండి. 24 అంగుళాల కర్వ్ ముక్కలు 16 తీసుకుని 22వి 16 పంపండి, కొరియర్ ఖర్చు మీదే. అడ్డదారి లేకుండా ప్లాన్ మళ్లీ గీసి ఇవ్వండి, ఈసారి చెక్క అంచు ఎక్కడుందో కూడా గీయండి. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేస్తాను. ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. రిటైరైనవాణ్ణి, తిరగడానికి తీరిక బాగానే ఉంది.

ఇట్లు,
మీ ఖాతాదారుడు

జతపరిచినవి: రెండు బిల్లులు, రంగులు వేసిన ప్లాన్ కాపీ, గాల్లో ఉన్న పట్టాల ఫొటోలు.