ఆదివారం మీటింగుకి కోటు

సంపాదకులకు నమస్కారం.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా మా ఇంటికి పొద్దున్నే వచ్చేది మీ పేపరే. ఇరవై ఆరేళ్లుగా బజారులో జెంట్స్ టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. పేపరుకి ఉత్తరం రాయడం ఇదే మొదలు. కాస్త పొడవైతే మన్నించండి.

మొన్న మంగళవారం మా వీధి కుర్రాడొకడు షాపుకి వచ్చాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. "మావయ్యా, ఆదివారానికి కోటు కావాలి, అర్జెంటు" అన్నాడు. ఎవరిదైనా పెళ్లా అని అడిగాను. కాదట. బరంపురంలో ఏదో బిజినెస్ మీటింగట, కోటు వేసుకునే రావాలన్నారట. కొలతలు తీద్దామని టేపు పట్టుకున్నవాణ్ణి అలాగే ఆగిపోయాను. 2018లో అదే ఊళ్లో జరిగిన అలాంటి మీటింగుకే, మనిషి కింద మనిషిని చేర్చే గొలుసుకట్టు వ్యాపారం మీటింగుకి, నేను కూడా ఒక కోటు కుట్టుకున్నాను. నేవీ బ్లూ గుడ్డ, లోపల నల్ల లైనింగు. ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆ తర్వాత ఒక్క శుభకార్యానికీ వేసుకోబుద్ధి కాలేదు.

ఆ రోజు వాడికి చెప్పినవీ, గిరాకీ ఉండి చెప్పలేకపోయినవీ ఇక్కడ రాస్తున్నాను.

అందులో నన్ను చేర్చింది నా దగ్గర చాలా ఏళ్లుగా బట్టలు కుట్టించుకుంటున్న ఆయనే. 16,500 కట్టాను. బలం పొడి డబ్బాలు ఆరు, పళ్లరసం సీసాలు నాలుగు ఇచ్చారు. అదే రోజు తెల్ల కాగితం ఒకటి చేతిలో పెట్టి, తెలిసినవాళ్ల పేర్లు వంద రాయమన్నారు. నాకు ముప్పై దాటలేదు. రెండు రోజులకి మా లీడరు షాపుకి వచ్చి, బల్ల మీద కత్తెర పక్కనున్న పుస్తకం తిరగేసి, "ఇంత లిస్టు దగ్గర పెట్టుకుని పేర్లు లేవంటారేంటి మాస్టారూ" అన్నాడు. అది నా కొలతల పుస్తకం.

ఎవరి భుజం ఎంత, ఎవరి నడుము పోయినేటి కంటే ఎంత పెరిగింది, ఎవరికి ఎడమ చెయ్యి అరంగుళం పొట్టి, ఎవరు ప్యాంటులో లోపలి జేబు అడుగుతారు, అన్నీ అందులో ఉంటాయి. మనిషి నమ్మి ఎదురుగా నిలబడితేనే టైలరుకి ఆ లెక్కలు తెలుస్తాయి. ఆ పేర్ల పక్కన ఎర్ర ఇంకుతో టిక్కులు పెట్టుకుంటూ ఫోన్లు చేశాను. "ఒక మంచి విషయం మాట్లాడాలి, ఒకసారి కలుద్దాం" అనేవాణ్ణి. విషయమేంటో ఫోనులో చెప్పొద్దని మాకు నేర్పారు. చెబితే రారని వాళ్లకి తెలుసు. ఆరు నెలలు తిరిగేసరికి నన్ను చూసి రోడ్డు అవతలికి తప్పుకునేవాళ్లు మొదలయ్యారు. దసరాకి ఏటా మూడు జతలు కుట్టించుకునే మాస్టారు ఒకాయన ఆ ఏడాది గుడ్డ వేరే షాపులో ఇచ్చారు. ఆయన పేజీ ఇప్పటికీ అక్కడితో ఆగిపోయి ఉంది.

అందుకే ఎవరైనా చేరదామనుకుంటే ముందు ఆ వంద పేర్ల కాగితం ఇంటికి తెచ్చుకుని ఒంటరిగా కూర్చోమని నా మనవి. కంపెనీ గొప్పదా, మందు మంచిదా అన్నవి తర్వాత. ఒక్కో పేరు దగ్గరా ఆగి, రేపు వీళ్ల డబ్బు పోతే నేను వీళ్ల గుమ్మం తొక్కగలనా అని ప్రశ్నించుకోవాలి. ఎందుకంటే మీకు వచ్చే కమీషన్ ఆ కాగితంలోంచే రావాలి.

నా కాగితంలో మూడో పేరు మా చెల్లెలిది. మా ఊళ్లో చుట్టరికాలు సగం ఇటు, సగం అటు. మహేంద్రతనయ ఏటి అవతల, ఆంధ్రాలో ఉన్న పాతపట్నంలో దాన్ని ఇచ్చాం. మా బావ ఆటో తోలతాడు. డ్వాక్రా లోను డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. "అన్నయ్య చెప్తున్నాడు కదా" అంది, అంతే. ఇంకో మాట అడగలేదు. ఏడాది తర్వాత సంక్రాంతికి వెళ్తే వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనకాల అయిదు డబ్బాలు వరసగా ఉన్నాయి. సీలు కూడా తియ్యలేదు. ఒకటి చేత్తో పట్టుకుని ఊపితే లోపల పొడి గడ్డకట్టి రాయిలా కొట్టుకుంది. అడుగున చూస్తే తేదీ దాటి రెండు నెలలైంది. మా చెల్లెలు టీ గ్లాసు చేతికిస్తూ ఆ డబ్బా మెల్లిగా తీసుకుని మళ్లీ డ్రమ్ము వెనకాలే పెట్టేసింది. పండగ పూట ఒక్క మాటా అనలేదు.

మా చెల్లెలు కట్టిన 16,500 నేనే తీర్చాను. నెలకి 500 చొప్పున 33 నెలలు, 2021 జనవరి నుంచి 2023 సెప్టెంబరు దాకా. నేను చేర్చిన మిగతా నలుగురిలో ఇద్దరికి సగం సగం ఇచ్చాను. ఇద్దరికి ఇంకా ఇవ్వలేదు. ఇస్తాను.

నా సొంత లెక్క కూడా చెప్తాను. కిట్టు 16,500. ఐడీ యాక్టివ్‌గా ఉండాలంటే నెలనెలా 2,000 సరుకు కొనాలన్నారు, పద్నాలుగు నెలలకి 28,000. మీటింగు టికెట్లు, బస్సులు, లాడ్జీలు 11,400. మొత్తం 55,900. నాకు వచ్చింది 9,340. అదీ మా వాళ్లు కట్టిన డబ్బులోంచి కోసి ఇచ్చిందే. షాపు మూసి తిరిగిన రోజుల కుట్టుకూలి ఇందులో వెయ్యలేదు.

కుర్రాడికి కటింగ్ బల్ల మీద సుద్దతో రాసి చూపించాను. నువ్వు ఆరుగురిని, ఆ ఆరుగురూ తలా ఆరుగురిని, అంతే కదా మీవాళ్లు చెప్పింది? 6, 36, 216, 1,296, 7,776, 46,656. ఆరో మెట్టు దగ్గర ఆగి, 2011 జనాభా లెక్కల్లో మన ఊరెంతో చూడరా అన్నాను. ఫోనులో చూశాడు. 46 వేల పైచిలుకు. ఉయ్యాల్లో పిల్లలతో, మంచం పట్టిన ముసలివాళ్లతో సహా ఊరంతా ఆ మెట్టుకే చాలలేదు. ఎనిమిదో మెట్టుకి 16,79,616 మంది కావాలి. ఆ లెక్కల్లో మన జిల్లా మొత్తం ఆరు లక్షలు లేదు. "అందరూ ఆరుగురిని తేలేరు కదా మావయ్యా" అన్నాడు. నేను చెప్పేదీ అదే అన్నాను. ఆరో మెట్టు దాకా అందరూ దొరికినా, నీతో కలిపి పైనున్నవాళ్లు 9,331 మంది, కింద ఎవరూ లేకుండా మిగిలిపోయేవాళ్లు 46,656 మంది. మా చెల్లెలు ఆ కిందివాళ్లలో ఉంది.

వస్తువు అమ్మి కమీషన్ తీసుకోవడం తప్పని నేననను. చట్టం కూడా అనదు. కానీ మీటింగులో లేచి ఒక్క మాట అడగండి. నేను ఎవర్నీ చేర్చకుండా ఉత్త సరుకే అమ్ముకుంటే నెలకి ఎంత వస్తుంది? కాగితం మీద రాసివ్వమనండి. మెంబరు కాని మనిషి, డబ్బు పెట్టి ఆ డబ్బా రెండోసారి కొన్న మనిషి ఒక్కరిని చూపించమనండి. నేను పద్నాలుగు నెలల్లో ఒక్కరినీ చూడలేదు. అలాంటి పొడే మా బజారులో ఆయుర్వేదం షాపులో 240కి దొరికితే, మాది 1,950. స్టేజీ మీద చూపించే చెక్కు ఫొటో కాదు, లీడరు బ్యాంకు పాసుబుక్కు అడగండి. సరుకు వెనక్కి తీసుకుంటారా, ఎన్నాళ్లలోపు, ఎంత కోసుకుంటారు అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. నేను సంతకం పెట్టిన ఫారం ఇంగ్లీషులో ఉంది, మీటింగు హిందీలో జరిగింది. మా ఊళ్లో తెలుగు చదివేవాళ్లం, ఒడియా చదివేవాళ్లం ఉన్నాం. మాలో ఆ ఫారం చదివి చేరినవాళ్లు ఎవరూ లేరు.

ఇంకోటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ పొడి వాడితే సుగరు మాత్రలు తగ్గించుకోవచ్చని మా లీడరు అనేవాడు. నేనూ ఇద్దరితో ఆ మాట అన్నాను. వాళ్లలో ఒకాయన నిజంగానే మానేసి, కాలి పుండు మానక నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఫలానా మందు సుగరుని నయం చేస్తుందని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. నాకు అప్పుడు తెలియదు. తెలియకపోయినా ఆ మాట అనాల్సింది కాదు.

చట్టాలు ఉన్నాయి. మనుషుల్ని చేర్చి డబ్బు తిప్పే పథకాల మీద 1978 నుంచే నిషేధం ఉంది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు ఇలా మెట్లు మెట్లుగా మనుషుల్ని చేర్చే పిరమిడ్ పథకాలు కూడదన్నాయి. ఇంటికొచ్చి అమ్మేవాళ్లు ముందు అడిగి రావాలని, గుర్తింపు కార్డు ఉండాలని కూడా చెప్పాయి. అయినా 2023 ఆగస్టులో మా ఒడిశా ఆర్థిక నేరాల విభాగం ఒక క్రిప్టో టోకెన్ పథకంలో అరెస్టులు చేసింది. అదీ ఇలా మనిషి కింద మనిషిని చేర్చేదే. డబ్బాకి బదులు ఫోనులో నాణెం.

సరిహద్దులో ఉండే మాకు ఇంకో కష్టం ఉంది. 2020లో పోలీసులకి ఫిర్యాదు ఇద్దామని వెళ్తే, డబ్బు ఒడిశాలో కట్టారు కదా అని అటువాళ్లు, చేరినవాళ్లు ఆంధ్రావాళ్లు కదా అని ఇటువాళ్లు తిప్పి పంపారు. నాలుగుసార్లు తిరిగి వదిలేశాను. ఇప్పుడు ఎవరూ అలా వదలక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా దగ్గర్లోని స్టేషనులో ఫిర్యాదు తీసుకోవాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా పలుకుతారు. మీ పేపరు జిల్లా పేజీలో ఈ రెండు సంగతులూ ఒక చిన్న పెట్టె కట్టి వేస్తే మా వైపు చాలామందికి పనికొస్తుంది. అదే పేజీలో "ఇంట్లో కూర్చుని నెలకి 30 వేలు" అనే ప్రకటనలు వస్తుంటాయి. అవి వేసేముందు కంపెనీ చిరునామా అయినా అడగమని కోరుతున్నాను.

కుర్రాడి కొలతలు తీసుకున్నాను. భుజం పదిహేడున్నర, చాతీ ముప్పై ఆరు. వాడింకా తేల్చుకోలేదు. వాళ్లమ్మ ఫీజుకని దాచిన డబ్బు అడిగాడట, ఆవిడ ఇవ్వాలా వద్దా అని మా ఆవిడ దగ్గరికి వచ్చింది. వాళ్లింటికీ మీ పేపరే వస్తుంది. వీలైతే ఈ ఉత్తరం శనివారం లోపు వెయ్యండి.

ఇట్లు,
ఒక టైలరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా