144 కొన్నారు సరే, ఆడుతున్నది 60లోనే

సంపాదకులకు నమస్కారం.

పండగ ఆఫర్లు మొదలైతే చాలు, మానిటర్ల ప్రకటనల్లో ఒకే అంకె పెద్దక్షరాల్లో కనిపిస్తుంది: 144 హెర్ట్జ్, 165 హెర్ట్జ్, ఈ మధ్య 240 కూడా. టెక్ పేజీల్లో సమీక్షలు రాసేవారు ఆ అంకెకు తోడు ‘గేములో సగటున ఇన్ని ఎఫ్‌పీఎస్ వచ్చింది’ అని ఇంకొకటి చేర్చి ఊరుకుంటున్నారు. ఈ రెండూ చూసి డబ్బు పెట్టినవాళ్లు ఇంటికెళ్లాక ‘గేమ్ స్ట్రక్ అవుతోంది’ అని తల పట్టుకుంటున్నారు. అంకెలు అబద్ధమని కాదు. అవి దాటేసిన సంగతుల్లోనే చిక్కంతా ఉంది.

హెర్ట్జ్ తెర లెక్క, సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదో చెబుతుంది. ఎఫ్‌పీఎస్ గ్రాఫిక్స్ కార్డు లెక్క, సెకనుకు ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) గీసివ్వగలదో చెబుతుంది. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకోసారి మారుతుంది, 144ది 6.9కోసారి. కార్డు 50 దగ్గరే ఆయాసపడుతుంటే 240 హెర్ట్జ్ తెర తెచ్చి పెట్టినా సెకనుకు కొత్త బొమ్మలు యాభయ్యే.

అన్నిటికన్నా ముందు చూడాల్సినదీ, ఎక్కువమంది చూడనిదీ విండోస్ సెట్టింగు. కొత్త మానిటర్ తగిలించాక చాలాసార్లు విండోస్ దాన్ని 60లోనే నడుపుతుంది, మనం మార్చేదాకా పైకి పోదు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరసగా తెరిస్తే రిఫ్రెష్ రేట్ (తెర హెర్ట్జ్ అదే) ఎంచుకునే చోటు వస్తుంది. మార్చాక మౌస్ బాణాన్ని ఖాళీ డెస్క్‌టాప్ మీద గుండ్రంగా జోరుగా తిప్పండి. 60లో బాణాలు విడివిడిగా, ఎడంగా పడతాయి. 144లో దండ గుచ్చినట్టు దగ్గరదగ్గరగా పడతాయి. ఈ పరీక్షకు ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

ఆ జాబితాలో 144 అసలు కనిపించకపోతే ముందు కేబుల్‌నూ పోర్టునూ అనుమానించాలి. క్యాబినెట్ వెనక యూఎస్‌బీ, ఆడియో రంధ్రాల పక్కన ఉన్న పోర్టు మదర్‌బోర్డుది. గ్రాఫిక్స్ కార్డు పోర్టులు దానికి కింద, అడ్డంగా ఉన్న రేకు మీద ఉంటాయి. కేబుల్ పై పోర్టులో దూర్చి వేలు పోసి కొన్న కార్డును ఊరికే కూర్చోబెట్టినవాళ్లు కోకొల్లలు. మానిటర్ వెనక హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ అని రెండు రకాల పోర్టులున్నా రెండింటి వేగం ఒకటే అనుకోకూడదు. ఏ పోర్టుకు గరిష్ఠంగా ఎన్ని హెర్ట్జో మాన్యువల్‌లో విడిగా చూడాలి. 4కే తెరకు పాత హెచ్‌డీఎంఐ 1.4 అయితే 30 దగ్గరే ఆగిపోతుంది, 2.0 అయితే 60 దాకా వెళుతుంది. 1440పీ తెరను 144లో నడపడానికి డిస్‌ప్లేపోర్ట్ 1.2 చాలు.

ఇక సగటు సంగతి. ఒక సెకనులో 50 ఫ్రేములు తలా 10 మిల్లీసెకన్లలో వచ్చి, మరో 10 ఫ్రేములు తలా 50 మిల్లీసెకన్లు తీసుకున్నాయనుకోండి. ఇటు 500, అటు 500, సరిగ్గా సెకను. మీటర్ 60 అని దర్జాగా చూపిస్తుంది. కళ్లకు మాత్రం ఆ సెకనులో పది కుదుపులు తగిలాయి. అదే 60 ఫ్రేములు 16.7 మిల్లీసెకన్లకొకటి చొప్పున సమంగా వస్తే నల్లేరు మీద బండి నడకే. సగటు 90 ఉండి ఎగుడుదిగుడుగా వచ్చేదానికన్నా 60కి కట్టేసి సమంగా ఆడేదే ఎంతో నయం. సమీక్షల్లో ‘1 శాతం లో’ (1% low) అనే అంకె కూడా ఇవ్వాలని అడుగుతున్నది అందుకే. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చిన నూటికొక్క ఫ్రేము లెక్క అది. సగటు 90 ఉండి అది 35 అయితే ఆ కంప్యూటర్ తడబడుతున్నట్టే.

ఫ్రేము సిద్ధమయ్యే వేళా తెర మారే వేళా కుదరకపోతే వచ్చే చిక్కు ఇంకొకటి. తెర మారే వేళ దాకా ఫ్రేమును ఆపే వీ-సింక్ అనే సెట్టింగు లేకుంటే తెర సగం గీసేసరికి కొత్త బొమ్మ వచ్చి పడుతుంది. పైన పాతది, కింద కొత్తది, మధ్యలో అడ్డగీత. కెమెరాను పక్కకు విసురుగా తిప్పితే కరెంటు స్తంభాలు నడుము దగ్గర విరిగినట్టు కనిపిస్తాయి. టేరింగ్ అనేది దీన్నే. వీ-సింక్ పెడితే గీత పోతుంది గానీ తెర టైముకు కదిలే ఆర్టీసీ బస్సు అవుతుంది. 16.7 మిల్లీసెకన్లకో బస్సు. ఫ్రేము 17కు వచ్చిందా, బస్సు పోయినట్టే, 33.3 బస్సు దాకా నిలబడాలి. గీసిన ఫ్రేములను ఉంచే చోట్లు, అంటే బఫర్లు, రెండే ఉన్నప్పుడు ప్రతి ఫ్రేముకూ ఇలాగే జరిగితే 59 దాకా రావాల్సిన గేమ్ 30కి పడిపోతుంది. మూడో బఫర్ ఉంటే అంత పతనం ఉండదు, సమానత్వం మాత్రం రాదు. 45 ఎఫ్‌పీఎస్ వచ్చే గేములో రెండు ఫ్రేములు 16.7 చొప్పున కనిపించి మూడోది 33.3 నిలుస్తుంది. ప్రతి మూడో అడుగుకూ కాలు తట్టుకునే మనిషి నడకలా ఉంటుంది అది.

దీనికి విరుగుడుగా గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్‌విడియా, ఫ్రేము వచ్చినప్పుడే తెర మారేలా చేసే జీ-సింక్‌ను 2013లో ప్రకటించింది. 2014లో తెరల ప్రమాణాలు రూపొందించే వెసా సంస్థ అలాంటిదే అయిన అడాప్టివ్ సింక్‌ను డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏలో చేర్చింది. ఎన్‌విడియా పోటీదారు ఏఎండీ తెచ్చిన ఫ్రీసింక్ ఆ దారిలోనిదే. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులూ ఆ మానిటర్లతో పనిచేస్తున్నాయి. ఇక్కడ తెర షేర్ ఆటో లాంటిది. టైమ్‌టేబుల్ లేదు, ఫ్రేము ఎక్కగానే కదులుతుంది. అయితే దీనికీ హద్దులున్నాయి. 48 నుంచి 144 దాకా పనిచేసే మానిటర్లో గేమ్ 40కి పడితే ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపించి 80లో నడిపిస్తారు. 48 నుంచి 75 దాకానే ఉన్న చవక మానిటర్లో ఆ ఉపాయం పారదు, 80 హద్దు దాటిపోతుంది కనుక. పెట్టె మీద ‘ఫ్రీసింక్’ అని మెరిసే అక్షరాల్లో వేసేవాళ్లు ఈ హద్దులు మాత్రం వేయరు.

ఫ్రీసింక్ ఉన్నవాళ్లు చేయాల్సింది ఇంతే. మానిటర్ మెనూలో ఫ్రీసింక్ ఆన్ చేయాలి, చాలావాటిలో ఆఫ్‌లోనే వస్తుంది. గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్ ప్యానెల్‌లోనూ ఆన్ చేయాలి. వీ-సింక్ డ్రైవర్‌లో ఉంచి, గేములో తీసేయాలి. ఫ్రేముల పరిమితి తెర హెర్ట్జ్‌కు మూడు తక్కువ పెట్టాలి, 144కు 141. పరిమితి లేకుండా 144ను తాకితే మళ్లీ బస్సు కథే, మౌస్ బరువెక్కినట్టు ఉంటుంది.

కుదుపులన్నీ తెరవి కావు. రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ పెరిగితే గ్రాఫిక్స్ కార్డుకు భారం ఎక్కువైనట్టు, పెరగకపోతే ప్రాసెసర్ దగ్గర ఆగినట్టు. 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉన్న ల్యాప్‌టాప్‌లో, ముఖ్యంగా విడి గ్రాఫిక్స్ లేనిదాంట్లో, అలాంటిదే రెండో స్టిక్ వేస్తే డేటా దారి రెట్టింపవుతుంది. డీడీఆర్4-3200 అయితే సెకనుకు 25.6 జీబీ నుంచి 51.2 జీబీకి. చార్జర్ పీకి ఆడితే కార్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. మన మే నెల ఎండల్లో ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడితే పావుగంట బాగానే నడిచి తర్వాత ఈడుస్తుంది. కింది గాలి రంధ్రాలు మూసుకుపోయి వేడెక్కడమే కారణం. గేమ్‌ను తిట్టేముందు ఫ్యాన్‌లో దుమ్ము దులపాలి.

‘సినిమా 24 ఫ్రేములే కదా, ఇన్నెందుకు’ అనే వాదన ఇంకా వినిపిస్తోంది. సినిమా కెమెరా ఒక్కో ఫ్రేములో కదలికను అలికి పట్టుకుంటుంది, పైగా అక్కడ మన చేతిలో మౌస్ ఉండదు. గేములో ప్రతి ఫ్రేమూ చెక్కినట్టు ఉంటుంది, మసక కంటి దగ్గర పుడుతుంది. ఫుల్ హెచ్‌డీ తెరను ఈ కొస నుంచి ఆ కొసకు రెండు సెకన్లలో దాటే కారును కన్ను వెంబడిస్తుందనుకుందాం. సెకనుకు 960 పిక్సెళ్లు. 60 హెర్ట్జ్‌లో కారు అంచు 16 పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది, 120లో 8, 240లో 4. అంటే 60 నుంచి 120కి పెట్టే డబ్బుకు ఫలితం కళ్లకు కనిపిస్తుంది. ఆ పైన ప్రతి మెట్టుకూ దక్కేది సగానికి తగ్గుతూ పోతుంది.

2022లో ఎన్‌విడియా డీఎల్‌ఎస్‌ఎస్ 3తో వచ్చిన, గీసిన ఫ్రేముల మధ్య కొత్తవి పుట్టించి చేర్చే ఫ్రేమ్ జనరేషన్‌ను కూడా సగటులో కలిపేయడం అన్యాయం. నిజంగా గీసినవి 30 అయితే, మధ్యలో పుట్టించి 60 చూపించినా చేతికి తెలిసే స్పందన 30దే. తర్వాతి ఫ్రేము కోసం ఆగాలి కనుక ఇంకాస్త ఆలస్యం కూడా. సమీక్షల్లో ఆ రెంటినీ వేర్వేరుగా వేయాలి.

మీ పత్రికకు మనవి. టెక్ పేజీ సమీక్షలో సగటుతోపాటు 1 శాతం లో అంకె, మానిటర్ అయితే ఫ్రీసింక్ హద్దులు, ఒక్కో పోర్టు గరిష్ఠ హెర్ట్జ్ తప్పక ఇవ్వండి. ప్రకటనలు తీసుకునేటప్పుడు టీవీల ‘మోషన్ రేట్’ పక్కన ప్యానెల్ అసలు హెర్ట్జ్ ఎంతో అడగండి. 120 అని వేసినదాని వెనక 60 ప్యానెల్ ఉండొచ్చు. ఫోన్ల టచ్ శాంప్లింగ్ 240 హెర్ట్జ్ అన్నది వేలి తాకిడిని సెకనుకు ఎన్నిసార్లు చదువుతుందనే లెక్క. దాన్ని తెర హెర్ట్జ్ పక్కనే అదే సైజు అక్షరాల్లో వేయనివ్వకండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ